పొగకోటలో పొగడ అత్తరు

"పరుగెత్తించు తల్లీ! నీకు దణ్ణం పెడతాను, పరుగెత్తించు! ప్రాణాలు దక్కితే అత్తరు సంగతి తర్వాత చూసుకుందాం!" అంటూ భైరిమామ వెనకనుంచి గగ్గోలు పెట్టాడు.

కువలయ చెవిన పెట్టలేదు. వెనక బండరాళ్ల మధ్యనుంచి దారిదొంగలు బాణాలు వేసుకుంటూ తరుముకొస్తున్నారు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. పక్కన అడుగు ఎక్కడుందో కనపడని లోయ. అలాంటి చోట వకుళపురి రాకుమారి తన గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో నడిపించినట్టు అడుగులో అడుగు వేయిస్తోంది.

పిచ్చా? కాదండీ. ఆమె భుజాన ఒక వెదురుకర్ర ఉంది. కర్రకు ఉట్టి, ఉట్టిలో మట్టికూజా, కూజాలో తడి ఇసుక, ఆ ఇసుకలో మెడదాకా పాతిపెట్టిన నల్లగాజు బుడ్డి. బుడ్డిలో ఉన్నది పొగడపూల అత్తరు. అది కుదిపితే చెడుతుంది. ఎండ తగిలితే చెడుతుంది. వేడెక్కితే చెడుతుంది. గాలి సోకిందా, ఇక చెప్పనే అక్కర్లేదు. అంత సుకుమారం రాజుల ఇంట పుట్టిన పిల్లలకు కూడా ఉండదు. కువలయనే చూడండి, తలపాగా చుట్టి, చెవులకు పోగులు పెట్టి, అత్తరు సెట్టి వేషంలో అడవులు పట్టి తిరిగి తిరిగి ముఖమంతా కమిలిపోయింది. అయినా బుడ్డి మీద మాత్రం ఎండపొడ పడనివ్వలేదు.

ఎందుకంటే ఆ అత్తరు ఇక లోకంలో అంతే ఉంది. మాంత్రికుడు ధూమజటి వకుళపురి మీద పడి, పొగడ తోటలన్నీ తగలబెట్టి, ఆ పొగలో చిక్కుకున్న చిన్న రాకుమారుడు మణిధ్వజుణ్ణి గుర్రంగా మార్చి తన పొగకోటకు తోలుకుపోయాడు. మీసం కూడా మొలవని కుర్రాడు! కొడుకు మీద బెంగతో మంచం పట్టిన మహారాణి చారుమతి మళ్లీ లేవలేదు. పోయేముందు, మహారాజు ఎదుటే, తన చేతులతో తీసిన ఆఖరి అత్తరు బుడ్డిని కూతురి చేతిలో పెట్టింది.

"రాజగురువు దివ్యదృష్టితో చూసి చెప్పాడమ్మా," అంది ఆవిడ. "ఆ పొగ పీల్చినవాడు తానెవరో మరిచిపోతాడట. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ముక్కుకు అలవాటైన వాసన తగిలితేనే గుర్తుకొస్తుందట. వాసన ఉన్నంతసేపే ఆ గుర్తు. అది పోకముందే కోట కందకం దాటితే మళ్లీ మనిషవుతాడు. నా బిడ్డ నా దగ్గర ఎరిగిన వాసన ఇదొక్కటే. పాడవకుండా పట్టుకెళ్లు."

అదీ సంగతి. బుడ్డి చెడితే తమ్ముడు లేడు.

సర్రున వచ్చిన బాణం కువలయ తలపాగాను ఒరుసుకుంటూ పోయింది. ఇంకొకటి భైరిమామ గుర్రం తోకను కాస్త కత్తిరించింది. ఈ భైరిమామ వకుళపురి కోటలో కత్తిసాము గురువు. కువలయను పసితనంలో భుజాల మీద మోసినవాడు. మీసాలు చూస్తే పులి, మాట చూస్తే పసిపిల్లవాడు.

"ఇక లాభం లేదు మామా, ఇక్కడే తేల్చుకుందాం," అని కువలయ గుర్రం దిగింది. దిగి ఏం చేసిందనుకున్నారు? కత్తి దూసిందా? నీడ వెతికింది! అటు చూసి, ఇటు చూసి, ఓ బండ కింద చల్లటి గూడు కనిపిస్తే కూజాను అందులో దించి, పైన తడిగుడ్డ కప్పి, గుడ్డ అంచులు కూడా సర్ది, అప్పుడు కత్తి దూసింది. యుద్ధానికి ముందు నీడ వెతుక్కున్న వీరుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు.

దొంగలు చుట్టుముట్టారు. కత్తులు ఖణేల్‌మన్నాయి. భైరిమామ ఒకణ్ణి మెడపట్టి ఇంకొకడి మీదికి విసిరాడు. కువలయ ఒకడి డాలు చీల్చింది, ఒకడి విల్లు విరిచింది. కానీ బండల చాటునుంచి ఒకరి వెనక ఒకరు ఇంకా దిగుతూనే ఉన్నారు. వాళ్ల నాయకుడు, ఒంటికన్నువాడు, బండకింది గూడు వైపు నడవసాగాడు.

"ఏయ్ సెట్టీ! ఆ కూజాలో ఏముందిరా, అంత అపురూపంగా దాచావు? వజ్రాలా?"

"అత్తరు!"

"నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

వాడి చెయ్యి తడిగుడ్డ మీద పడబోయింది. కువలయ పైకి చూసింది. కొండచరియ అంచున చాటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. నడుముకు కట్టుకున్న సంచిలోంచి, వేషం కోసం తెచ్చిన మొగలి అత్తరు సీసా లాగి, గురిచూసి ఒంటికన్నువాడి నెత్తిన కొట్టింది. ఫెళ్లున పగిలిన సీసాలోంచి మొగలి ఘాటు గుప్పున లేచింది. తేనెటీగలు జుమ్మని కదిలాయి. అంత ఘాటు వాసన అవి ఏనాడూ ఎరగవు కాబోలు, కొండంతా ఊగినట్టు మోత చేస్తూ దిగి, ముందు ఒంటికన్నువాడి మీద, తర్వాత వాడి పరివారం మీద పడ్డాయి. 

"అమ్మో, బాబో!" అంటూ దొంగలు కత్తులు పారేసి, లోయ దారినపడి పారిపోయారు.

"అది కూడా అత్తరేలే నాయనా! నచ్చిందా?" అని భైరిమామ వెనకనుంచి కేకేశాడు. ఆ కేకకు ఒక ఈగ తిరిగొచ్చి మూతి మీద కుట్టింది. ఆ రాత్రి తలదాచుకున్న గుహదాకా మామ వాచిన మూతి పట్టుకునే వచ్చాడు.

*

మర్నాడు తెల్లవారింది. తూర్పుకొండల మీద కెంపురంగు పరుచుకుంది. దాని మీద పసుపు, పసుపు మీద ముత్యపు తెలుపు పూతపూతగా ఎక్కింది. గుహ ముందు సెలయేరు కొండగోగు రేకులను మోసుకుంటూ గలగలా పారుతోంది. ఏటి అవతల, కోసెడు దూరంలో, ఆకాశాన్ని మసిచేస్తూ పొగకోట!

ఏట్లో మునిగి లేచిన కువలయకు కోట కనిపించగానే ఒళ్లు పులకరించింది. "వచ్చేశాం! మణీ, వచ్చేశానురా!" అని తనలో తాను అనుకుంటూ తలపాగా చుట్టుకుంది. అంతలో గుహలోంచి గంట మోగింది.

గంటా? గుహలో గంటేమిటి? పరుగున వెళ్లి చూసింది.

భైరిమామ స్నానం చేసి, నుదుట విభూతి పెట్టి, ఒక రాతి మీద గుడ్డ పరిచి, బుడ్డిని ఇసుకలోంచి తీసి దాని మీద నిలబెట్టాడు. బుడ్డికి కుంకుమ బొట్టు. మెడలో కొండగోగుల దండ. ఇటొక దీపం, అటొక దీపం. ఎడమచేత్తో గంట వాయిస్తూ, కుడిచేత్తో కర్పూరహారతి బుడ్డి చుట్టూ తిప్పుతున్నాడు. కళ్లలోంచి ధారలు కారుతున్నాయి.

"కళ్లకద్దుకో తల్లీ. కోటలోకి పోతున్నాం. మహారాణిగారి అనుగ్రహం ఉండాలి."

"మామా! దీపాలు తియ్యి! తియ్యి మామా!"

ఆమె మాట పూర్తికాలేదు. బిరడా చుట్టూ వేసిన మైనం కరిగి బుడ్డి ఒంటిమీద కారింది. 'టప్'మని బిరడా ఎగిరింది. వేడెక్కిన అత్తరు పొంగి రాతి మీదుగా జారింది. గుహంతా ఒక్కసారి ఘుమఘుమలాడిపోయింది. అమ్మ అలంకరించుకుని వచ్చి పక్కన నిలబడినట్టే అనిపించి, కువలయ క్షణం కదల్లేకపోయింది. మరుక్షణం ఉరికి బుడ్డిని అందుకుని, వేలితో మూతి మూసి, ఏటిగట్టు నీడలో చల్లటి నీళ్లలో ముంచి పట్టుకుంది.

సగం పోయింది.

"నీ భక్తి తగలెయ్యా! ఎంత పని చేశావు మామా!" అని అరిచింది. కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి.

భైరిమామ నెత్తి బాదుకున్నాడు. "పాపిష్టివాణ్ణి తల్లీ! మహారాణిగారి అత్తరు కదా అమ్మా! ఇన్నాళ్లూ ఇసుకలో పాతిపెట్టి మోసుకొస్తుంటే నాకు నిద్రపట్టలేదు. ఒక్క దీపమైనా పెట్టలేదే అనిపించింది. దేవతకు హారతి ఇస్తే దేవత పొంగిపోతుందనుకున్నాను గానీ..."

"పొంగింది కదా మరి!" అంది కువలయ కళ్లు తుడుచుకుంటూ. ఏం తిడుతుంది? వకుళపురిలో ఎవరికి ఆ బుడ్డి ఇచ్చినా అదే చేసేవాళ్లు. 

కానీ ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. బుడ్డిలో సగం అత్తరు, సగం గాలి. సగం ఖాళీ అయిన బుడ్డిలో అత్తరు నిలవదని, పైన కూర్చున్న గాలి దాన్ని మెల్లమెల్లగా తినేస్తుందని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. కోటలో ఎన్నాళ్లు పడిగాపులు పడాలో ఎవరికి తెలుసు? చిన్న బుడ్డిలోకి మార్చుదామంటే ఉన్నవాటిలో ఒకటి మరువం కంపు, ఒకటి వట్టివేళ్ల కంపు. ఎంత కడిగినా పాత వాసన పోదు. అమ్మ వాసనలో మరువం కలిస్తే మణికి ఏం తెలుస్తుంది?

కువలయ సంచి బోర్లించింది. సీసాలు, దూదిపింజలు, సంతల్లో పిల్లలకు ఇచ్చే నీలిగాజు పూసల దండ... ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మామా! పూసలు!"

"ఇప్పుడు పూసలు గుచ్చుకుంటావా తల్లీ?" అన్నాడు మామ బిక్కమొహం వేసి.

"అయ్యో మామా! గాలి ఉన్న చోట పూసలు కూర్చుంటే గాలెక్కడ కూర్చుంటుంది?"

దండ తెంపింది. పూసలు ఏటిలో కడిగి, చెమ్మ లేకుండా పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచింది. నీటిచుక్క లోపలికి పోయినా ముప్పే. తుడిచిన పూసను బుడ్డిలోకి జారవిడిచింది. ఇంకొకటి. ఇంకొకటి. అత్తరు మట్టం గోరంత లేచింది. 

"ఎక్కుతోంది! మామా, ఎక్కుతోంది!" అని కువలయ చిన్నపిల్లలా గంతులు వెయ్యబోయి, కుదపకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. మామ పూసలు తుడిచి అందించడం, ఆమె జారవిడవడం. చివరికి అత్తరు మెడదాకా వచ్చి నిలిచింది. గాలికి చోటే లేదు. చల్లబడ్డాక బిరడా బిగించి, కొత్త మైనం ఒత్తి, మళ్లీ ఇసుకలో పెట్టింది.

"ఈసారి హారతి ఇచ్చావో, నిన్నే కర్పూరంలా వెలిగిస్తాను," అంది. భైరిమామ రెండు చెంపలూ వాయించుకున్నాడు.

*

గుర్రాలను గుహ దగ్గరే కట్టేసి నడిచారు. పొగకోట దగ్గరకు పోయిన కొద్దీ ఆకాశం కనిపించడం మానేసింది. బూడిదరంగు గోడలు. ప్రతి బురుజు మీదా ఏనుగుతలంత కుండల్లో గుగ్గిలం, ఎండుమూలికలు రగులుతున్నాయి. కందకంలో నీళ్లు లేవు, పొగే ఉంది. చిక్కగా, నల్లగా, సుళ్లు తిరుగుతూ. అందులోకి దిగినవాడు అవతలి గట్టు చేరేసరికి తన పేరు కూడా మరిచిపోతాడు. దాని మీద గొలుసులతో దించిన ఎత్తుడు వంతెన. 

"ఎవరు మీరు?" అన్నాడు ద్వారం కావలివాడు.

"అత్తరు కువలయ్య సెట్టిని. నీ దొర గుర్రపుశాల వాసన కొడుతోందని విన్నానులే. మంచి సరుకు తెచ్చాను."

"ఆ కూజాలో ఏముంది?"

"చల్లటి నీళ్లు..." అని కువలయ అంటుండగానే భైరిమామ కంగారుపడి, "జాగ్రత్త తల్లీ!" అనేశాడు.

కావలివాడి కనుబొమలు లేచాయి. "తల్లీ?"

"తల్లి... తల్లితోడు అయ్యా! మా అమ్మ తోడు, నీళ్లే!" అని మామ ముంజేతితో చెమట తుడుచుకున్నాడు. కువలయ చటుక్కున మరువం అత్తరు దూదిపింజ కావలివాడి చెవిలో పెట్టేసింది. వాడు తల అటు తిప్పి ఇటు తిప్పి వాసన చూసుకుని, పెళ్లికొడుకులా ముసిముసిగా నవ్వుకుంటూ లోపలికి వదిలాడు.

లోపల పెద్ద మైదానం, దాని నడుమ కూడా రగులుతున్న గుగ్గిలం కుండ ఒకటి. మైదానానికి మూడు వైపులా గుర్రాలు. తెల్లవి, ఎర్రవి, కపిలవర్ణపువి, చుక్కలవి, ఎంతదూరం చూసినా గుర్రాలే. ఒక్కొక్క గుర్రం ఒకనాడు ఒక్కొక్క ఇంటి బిడ్డ. వీటిలో మణి ఎవరు?

"తలపాగా తీసెయ్యి కువలయా!"

నాలుగో వైపునుంచి ధూమజటి వచ్చాడు. జడలు కట్టిన జుట్టులోంచి సన్నగా పొగలేస్తోంది. మెడలో ఎముకల హారం, చేతిలో ముళ్లకొరడా. నల్లటి గుర్రం మీద కూర్చుని ఉన్నాడు. దాని నోట్లో ఇనుప కళ్లెం, డొక్కల మీద కొరడా చారలు. 

"నువ్వు కొండెక్కుతున్నప్పుడే అంజనంలో చూశాను," అని మాంత్రికుడు పకపకా నవ్వాడు. "ఇంత దూరం వచ్చావు, ఉత్తచేతులతో పంపితే బాగుండదు. ఇవిగో గుర్రాలు. నీ తమ్ముణ్ణి నువ్వే ఏరుకో. సరిగ్గా ఏరుకుంటే తీసుకుపో. తప్పావా, నా శాలలో ఇంకొక ఆడగుర్రం!"

భటులు ఈటెలతో దారి మూశారు. భైరిమామ పళ్లు కొరుకుతూ కత్తిపిడి పట్టుకున్నాడు. కువలయ అతణ్ణి కళ్లతోనే ఆపి, కూజాలోంచి బుడ్డి తీసి, మైనం గిల్లి బిరడా తెరిచింది. ఒకే ఒక్క చుక్క. మణికట్టు లోపలి వైపున తాకించింది. రుద్దలేదు. రుద్దితే పూల వాసన నలిగిపోతుందని అమ్మ ఏనాడూ రుద్దనిచ్చేది కాదు. బిరడా వెంటనే బిగించింది.

మొదటి వరస పొడుగునా నడిచింది. ప్రతి ముట్టె ముందూ చెయ్యి చాచింది. ఒక గుర్రం తుమ్మింది. ఒకటి చేతిని గడ్డి అనుకుని నాకబోయింది. ఒకటి ముఖం తిప్పేసుకుంది. రెండో వరస. మూడో వరస. ఒక్కటీ చలించలేదు.

"తొందరపడు! పొగలో ఎంతసేపు నిలుస్తుంది నీ వాసన?" అని ధూమజటి వెనకనే వస్తూ ఎకసెక్కం ఆడాడు.

అత్తరు చెడిపోయిందా? హారతి మంటకు ప్రాణం పోయిందా? మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. లేదు, అమ్మే. చెక్కుచెదరని అమ్మ. మరి వీడేడి?

వెనక డెక్కల చప్పుడు ఆగిపోయింది.

తిరిగి చూసింది. ధూమజటి కింద ఉన్న నల్లగుర్రం నిలుచున్నచోట నిలుచుండిపోయింది. చెవులు నిక్కాయి. ఒళ్లంతా వణుకుతోంది. మాంత్రికుడు కొరడా ఎత్తి ఛెళ్లుమని కొట్టాడు, అది కదల్లేదు. మెడ చాచి, ముక్కుపుటాలు విప్పి, కువలయ చేతివైపే చూస్తోంది. 

"ఓరి దుర్మార్గుడా! వాణ్ణి ఎక్కి తిరుగుతున్నావా!" అని కువలయ కేక పెట్టింది.

నల్లగుర్రం రెండు కాళ్ల మీద లేచింది. ఒక్క విసురుకు ధూమజటి గాలిలో పల్టీకొట్టి, వెళ్లి రగులుతున్న గుగ్గిలం కుండలో తలకిందులుగా పడ్డాడు. భటులు "దొరా, దొరా!" అంటూ అటు పరుగెత్తారు. గుర్రం ఒక్క దూకులో కువలయ ముందుకొచ్చి, మణికట్టులో మూతి దూర్చి, మనిషి గొంతుతో మాట్లాడింది.

"అక్కా! అమ్మ వచ్చిందా?"

వాడికి తెలియదు. వాడికి ఎవరు చెబుతారు?

"మాటలు తర్వాత! ఎక్కు తల్లీ!" అని అరుస్తూ భైరిమామ భటుల ఈటెలు విరిచి, ఒక చుక్కలగుర్రం కట్టుతాడు కోసి దాని మీదికి దూకాడు. కువలయ నల్లగుర్రం వీపునెక్కి, ఇనుప కళ్లెం తెంచి పారేసింది. రెండు గుర్రాలూ ద్వారం వైపు దూసుకుపోయాయి. వెనక నగారాలు మోగాయి. కుండలోంచి మసిమొహంతో లేచిన ధూమజటి "వంతెన ఎత్తండి!" అని గర్జించాడు. గొలుసులు కిర్రుమన్నాయి. 

భైరిమామ చుక్కలగుర్రం లేస్తున్న వంతెన అంచునుంచి ఎలాగో అవతలికి గెంతేసింది. నల్లగుర్రం మాత్రం కందకం ఒడ్డున గబుక్కున ఆగిపోయింది.

"మణీ! దూకరా!"

"అమ్మ ఏదక్కా? వాసన ఇక్కడే ఉంది. అమ్మ లోపలే ఉండిపోయింది. అమ్మను వదిలేసి నేను రాను!" 

వాడు వెనక్కి తిరగబోయాడు. బాణాలు చెవుల పక్కనుంచి పోతున్నాయి. అబద్ధం చెప్పి దూకించవచ్చు. కువలయ నోటిదాకా వచ్చింది అబద్ధం. ఈ వాసన పెట్టుకుని మాత్రం చెప్పలేకపోయింది.

"అమ్మ లేదురా! నీ మీద బెంగతోనే పోయింది. ఇది అమ్మ తీసిన అత్తరు. నీ కోసం పంపింది. ఇంతే మిగిలింది మణీ, ఇంతే!"

కువలయ మోకాళ్ల కింద గుర్రం డొక్కలు ఒక్కసారి ఎగసి, అలాగే నిలిచిపోయాయి. ఎదురుగాలికి మణికట్టు మీది వాసన పలచబడిపోతోంది. ఆమె గబగబా బిరడా తీసి, బుడ్డి మొత్తం వాడి ముట్టె మీద ఒంపబోయింది.

"వద్దక్కా!" అన్నాడు మణిధ్వజుడు. "ఒలకబొయ్యకు. నాన్నకు కూడా ఉండాలి."

"లేకపోతే ఆ పొగలో నన్ను కూడా మరిచిపోతావురా!"

"మరిచిపోను. ఒక్కసారి మూతి దగ్గర పెట్టు, చాలు."

పెట్టింది. వాడు కళ్లు మూసుకుని, పొట్టలోతు నుంచి ఒకే ఒక్క ఊపిరి లోపలికి తీసుకున్నాడు. ముక్కుపుటాలు బిగించాడు. ఆ ఊపిరి వదల్లేదు. కువలయ బిరడా బిగించి, బుడ్డిని గుండెకు హత్తుకుని, తానూ ఊపిరి బిగబట్టి, రెండో చేత్తో జూలు పట్టుకుంది. గుర్రం నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి, అమ్మను లోపల దాచుకుని, ఆ నల్లటి పొగలోకి దూకింది.